ఐదున్నర గంటల తేడా

రాత్రి పదకొండు అయితే, లాప్‌టాప్ తెల్లవారి నాలుగున్నర అంటోంది.

విండోస్ పక్కనే ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి మూడు రోజులు. అందులో వైఫై లేదు. వైఫై కార్డుని నడిపించే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, విడిగా దింపుకోవాలి, దింపాలంటే నెట్ కావాలి, నెట్టేమో వైఫై ఉంటేనే! సాయంత్రం చిన్నోడి ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, ఆ ఫోన్ నెట్‌తోనే దింపాను. తనకి తెలియని డ్రైవర్లని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది కదా, రీస్టార్ట్ అవగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కి, ముందే పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ డ్రైవర్‌ని నమ్మమని చెప్పాలి. మొదటిసారి తెలియక పోయింది. రెండోసారి సరిగ్గా అప్పుడే అమ్మ గేటు వేసి రమ్మంది. మళ్లీ పాస్‌వర్డ్ పెట్టడం, మళ్లీ రీస్టార్ట్. పది సెకన్లేమిటి? మనిషి చదవక్కర్లేదా? ఏడుపొచ్చింది. ఉబుంటు తీసేద్దామనే తొమ్మిదికి విండోస్‌లోకి వెళ్లాను. అక్కడ మధ్యాహ్నం మూడున్నర! సరిచేసి పదకొండుకి ఇటొస్తే నాలుగున్నర.

అప్పుడు తాతయ్య గడియారం గుర్తొచ్చింది. బొబ్బిలి పాసింజరు తప్పిపోకుండా ఇరవై నిమిషాలు ముందుకి పెట్టి ఉంచేవారు. మేమంతా ఇరవై తీసేసి చదివేవాళ్లం. సెలవులకొచ్చిన బాబాయి ఓ సాయంత్రం గంటస్తంభంలో టైము చూసొచ్చి, ఎవరికీ చెప్పకుండా ముల్లు సరిచేశాడు. మర్నాడు నానమ్మ అలవాటుగా ఇరవై తీసేసి, తాతయ్యని తాపీగా లేపింది. బండి వెళ్లిపోయింది. తాతయ్య ఎవర్నీ ఏమీ అనలేదు, బాబాయి మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

ఇక్కడా అంతే. లోపలి గడియారం ఒక్కటే. విండోస్ దాన్ని మన టైము అనుకుని ఉన్నదున్నట్టు చదువుతుంది. ఉబుంటు దాన్ని యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైము, అనుకుని ఐదున్నర కలుపుతుంది. ఎవరి లెక్క వాళ్లకి సరైనదే. ఉబుంటు మీద కోపం పోయింది, తీయను.

మూడోసారి పక్కనే కూర్చుని మీట నొక్కాను. పదకొండూ ఇరవైకి వైఫై వచ్చింది, నెట్ చూసి టైము దానంతటదే సర్దుకుంది.

ఉబుంటు లోపలి గడియారాన్ని యూటీసీకి మార్చేస్తుంది కాబట్టి, విండోస్‌లో మళ్లీ వెనక్కి పోయి ఉంటుంది. దాన్నీ యూటీసీగా చదివించే సెట్టింగు ఉంది, రేపు చేస్తాను. పొద్దున్నే చిన్నోడు అందులోనే క్లాసు వింటాడు. “గడియారం నమ్మకు, ఐదున్నర కలుపుకో” అని చీటీ రాసి కీబోర్డు మీద పెట్టాను.