రాకేశ్ శర్మ గారి రెండో సగం

రాత్రి, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి భారతీయుడు రాకేశ్ శర్మ గారి పాత ఇంటర్వ్యూ చూశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన నిజాం కాలేజీలో చదివిన మనిషి. 1971 యుద్ధంలో మిగ్-21 యుద్ధవిమానం నడిపేనాటికి 22 ఏళ్లే! 1984 ఏప్రిల్ 3న సోవియట్ వ్యోమనౌక సోయుజ్ టి-11లో బైకొనూర్ ప్రయోగ కేంద్రం నుంచి వెళ్లి, సల్యూత్-7 అంతరిక్ష కేంద్రంలో ఒళ్లు తేలిపోకుండా పట్టీలు కట్టుకుని మరీ యోగాసనాలు వేశారు.

నన్ను కదిలించింది మాత్రం ఆ తర్వాతి జీవితం. దేశమంతా నెత్తిన పెట్టుకున్నా ఆయన మళ్లీ కాక్‌పిట్‌లోకే వెళ్లారు. విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో టెస్ట్ పైలట్‌గా చేరి, విమానం ఎక్కడ మొరాయిస్తుందో గాల్లోనే తేల్చే పని ఏళ్ల తరబడి చేశారు. పేరు కోసం ఎగిరినవాళ్లు అలా చేయరు.

అన్నట్టు, ఆయనతో సమానంగా శిక్షణ పొంది, బ్యాకప్‌గా కిందే ఉండిపోయిన రవీష్ మల్హోత్రా గారి గురించి కూడా చదవాలనుంది. ఎవరికైనా మంచి వ్యాసం తెలిస్తే పంపండి.