నడుముకి మోటారు కట్టుకుని

మొదటిసారి ఆ మోటారు సూట్‌ని తొడుక్కుని ఫోటో దిగి ఇంటికి పంపితే అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "నడుముకి దెబ్బ తాకిందారా? ఆ పట్టీలేంది?" అని. పట్టీలు కాదమ్మా, మిషన్, నేను మనుషుల్ని లేపేటప్పుడు అది నన్ను లేపుతది అన్నాను. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ అంతకన్నా ఎక్కువ అర్థం కాలేదు.

నేను జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తున్నాను. ఇక్కడ ఈ పనిని కైగో అంటారు. పెద్దవాళ్ళకి తినిపించడం, స్నానం చేయించడం, డైపర్లు మార్చడం, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్‌లోంచి టాయిలెట్ మీదికి మార్చడం, మళ్ళీ మంచం మీదికి. 2019లో వీళ్ళు మొదలుపెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చాను, దానికి జపనీస్ భాషలో ఎన్4 స్థాయి, అంటే కింది నుంచి రెండో మెట్టు, కావాలి, కైగో పరీక్షలు కూడా రాయాలి. ఈ దేశంలో 65 దాటినవాళ్ళు దాదాపు 29 శాతం, లేపేవాళ్ళకి మాత్రం కరువు. అందుకే నిజామాబాద్ కుర్రాడిని ఇక్కడిదాకా రానిచ్చారు.

వచ్చిన కొత్తలో నేర్చుకున్న మాటల్లో 'యోత్సూ' ఒకటి. నడుము నొప్పి. మా సీనియర్లలో సగం మంది యూనిఫామ్ కింద నడుము బెల్టు కట్టుకునే వస్తారు. ప్రభుత్వం 2013లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం అసలు మనిషిని ఉత్త చేతులతో ఎత్తడమే మానాలి. మగవాడు చేతులతో ఎత్తే బరువు తన ఒంటి బరువులో సుమారు 40 శాతం దాటకూడదు. నేను 62 కిలోలు, అంటే నా లెక్క 25 కిలోల లోపే. మూల గదిలో తాతగారు 70 కిలోలు, పైగా కాళ్ళు ఆనించలేరు. ఇక మీరే లెక్క వేసుకోండి.

సరే, మిషన్ సంగతి. వీపుకి చిన్న బ్యాగులాంటిది, నడుముకి గట్టి బెల్టు, రెండు తుంటి కీళ్ళ దగ్గర చెరో మోటారు, తొడల మీద మెత్తలు. వంగి లేస్తుంటే సెన్సర్లు కనిపెట్టి మోటార్లు తొడల్ని వెనక్కి నెడతాయి, ఛాతీని పైకి లాగుతాయి. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లేపినట్టు ఉంటుంది. వీటిలో రకాలున్నాయి. త్సుకుబా యూనివర్సిటీ ప్రొఫెసర్ యోషియుకి సంకాయ్ తయారుచేసిన 'హాల్' అనే సూట్ అయితే చర్మానికి ఎలక్ట్రోడ్లు అంటించి, మెదడు కండరానికి పంపే సన్నటి కరెంటునే చదివి కదులుతుంది. హనేడా విమానాశ్రయంలో సామాన్లు మోసేవాళ్ళకి 2015లోనే ఇచ్చారు. మజిల్ సూట్ అని ఇంకొకటి ఉంది, అందులో మోటారూ లేదు బ్యాటరీ లేదు, చేత్తో గాలి కొడితే లోపలి రబ్బరు గొట్టాలు కండరంలా ముడుచుకుంటాయి. మా దగ్గరున్నది ఏ కంపెనీదో చెప్పను, ఇప్పుడు దాన్ని తిట్టబోతున్నాను కాబట్టి.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. పొద్దున డైపర్ల రౌండులో మంచం తర్వాత మంచం, వంగి వంగి పని చేయాలి. నడుము పోయేది ఎత్తినప్పుడే అనుకుంటారు చాలామంది, సగం పోయేది ఈ వంగి ఉండడంలోనే. అక్కడ మాత్రం మిషన్ దేవుడు. తొడుక్కున్న రోజుకీ లేని రోజుకీ తేడా రాత్రి పక్క మీద పడుకోగానే తెలుస్తుంది.

కానీ మనిషిని మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఎత్తడం ఒక్కటే ఉండదు, తిరగాలి. తిరిగేటప్పుడు అది సాయం చేయదు. మోకాళ్ళ మీది బరువు తగ్గించదు, తన బరువు కూడా దానికి కలుపుతుంది. ఇరుకు టాయిలెట్లో గోడకి తగులుతుంది. మాది తడవకూడదు, కాబట్టి ఎక్కువ ఎత్తాల్సిన స్నానాల గదిలోకే రాదు. పట్టీలన్నీ బిగించుకునే లోపు రెండు గదుల్లో బెల్లు మోగుతుంది. అందుకే చాలా రోజులు అది స్టోర్ రూములో ఛార్జింగ్ పెట్టి ఉంటుంది. జారుడు బల్ల అని ఒక ప్లాస్టిక్ పలక ఉంది, మనిషిని ఎత్తకుండా దాని మీద జరిపేస్తాం. నన్నడిగితే ఆ పలకే మేలు.

అయితే నా అసలు బాధ ఇది కాదు. మిషన్ వచ్చిన రెండో నెలలో డ్యూటీ చార్ట్ మారింది. అంతకు ముందు బరువైన నలుగురి దగ్గర ఇద్దరి పేర్లు రాసేవాళ్ళు. ఇప్పుడు ఒక్కటే, నాది. "నీకు సూట్ ఉంది కదా" అన్నారు, నవ్వుతూనే. మిషన్ నా నడుముకి మిగిల్చిన బలాన్ని ఇంకో మనిషి లేకుండా సర్దుకోవడానికి వాడేశారన్నమాట. నాకు అది అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది.

బాపుకి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన పసుపు మార్కెట్‌లో హమాలీ, ఇప్పుడు కుడి కాలు దాకా నొప్పి పాకి మానేశాడు. వీడియో కాల్‌లో మిషన్‌ని అటూ ఇటూ తిప్పించి చూశాడు. "బస్తా మోస్తదా?" అన్నాడు. లేదు బాపూ, ఇది వంగి లేవడానికే, మోసుకుని నడవడానికి కాదు అన్నాను. కాసేపు ఆగి, "మోసినా వద్దు. ఇది తొడిగిన్నాడు బస్తాకి రేటు తగ్గిస్తడు సేటు" అన్నాడు.

ఆరో గదిలో బామ్మకి మతిమరుపు. సూట్ వేసుకుని వెళ్ళిన ప్రతిసారీ కొత్తగా చూసి "కోషి, దైజోబు?" అంటుంది, అంటే నడుము బాగానే ఉందా అని. అమ్మ అడిగినట్టే. దైజోబు అంటాను.

పోయిన వారం లీడర్‌ దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని జపనీస్‌లో, 2013 మార్గదర్శకాల కాగితం చేతిలో పెట్టుకుని అడిగాను. ఆమె చాలాసేపు చదివింది. తాతగారి పేరు ఎదురుగా మళ్ళీ ఇద్దరి పేర్లు రాసింది. మిగతా ముగ్గురి సంగతి వచ్చే నెల మీటింగ్‌లో చూద్దామంది.