సిరిమాను నుంచి మాఘం దాకా: 26 ఏళ్ల కాపురాన్ని కదిలించే పని

విజయదశమి తరువాత వచ్చిన మంగళవారం నాడు, ఏటా వెళ్లినట్లే వెళ్లి, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూశాము. గుడికీ కోటకూ మధ్య తిరిగే సిరిమాను మూడోసారి మా ముందు నుంచి సాగిపోయేసరికి పొద్దు వాలింది. ఇంటికి నడిచి వస్తుండగా అయ్యకోనేరు గట్టు దగ్గర మా వారు ఆగి, "ఇక అబ్బాయి దగ్గరికి వెళ్లిపోదామా?" అని అడిగారు. రెండేళ్లుగా మా ఇద్దరి మనసుల్లోనూ ఉండి, ఎవరూ పైకి అనని మాట అది. 1999 మే నెలలో పాలకొండ నుంచి వచ్చి ఈ మేడ మీది వాటాలో దిగినప్పుడు మూడేళ్లలో బదిలీ అవుతుందనుకున్నాను. బదిలీలు జిల్లాలోనే తిరిగాయి, పిల్లవాడు ఇక్కడే చదువుకుని ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లాడు, నేను పదవీ విరమణ కూడా చేశాను, ఇల్లు మాత్రం మారలేదు. ఇప్పుడు 650 కిలోమీటర్లకు పైబడిన దారిలో ఆ ఇంటిని మోసుకుపోవాలి.

మరునాడే ఒక నోటుపుస్తకం తీసి, చేయవలసిన పనులన్నీ రాయడం మొదలుపెట్టాను. మొదట గదుల వారీగా రాశాను, అది పనికిరాలేదు. తరువాత పనులన్నిటినీ రెండు భాగాలు చేశాను. మన చేతిలో ఉన్న పనులు ఒకవైపు, ఎదుటివారి చేతిలో ఉన్న పనులు మరొకవైపు. పెట్టెలు కట్టడం, బీరువా ఖాళీ చేయడం, బట్టలు సర్దడం మన చేతిలో పనులు. పట్టుబట్టి కూర్చుంటే వారం రోజుల్లో అవుతాయి. గ్యాసు, బ్యాంకు, స్కూటరు కాగితాలు, అటక మీది సామాను ఎవరికి చేరాలో వారికి చేర్చడం, వీణకు మరమ్మతు, ఇవన్నీ ఎదుటివారి వీలును బట్టి సాగేవి. చాలా ఏళ్ల తరువాత ఇల్లు మారేవారు సాధారణంగా పెట్టెలతో మొదలుపెట్టి, ఈ రెండో రకం పనులను చివరి పదిరోజులకు వదిలేస్తారు. ఆ పది రోజులు కంగారుగా గడవడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం. అందుకే ఎదుటివారి చేతిలో ఉన్న పనులను ముందుకు తెచ్చాను.

ప్రయాణం ఎప్పుడన్నది నిర్ణయించుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. ఆశ్వయుజ కార్తీకాలు మన తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మా కిటికీ రెక్క ఊడిపోయి, పుస్తకాల అలమరలో కింది రెండు వరుసలూ తడిసి ముద్దయ్యాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు మా బంధువుల కొబ్బరితోట నేలమట్టమైంది. అటువంటి రోజుల్లో సామానంతా లారీకెక్కించి రోడ్డు మీద వదలడానికి నాకు ధైర్యం చాలదు. పుష్యం శూన్యమాసమని అత్తగారి కాలం నుంచీ కొత్త ఇంట్లో చేరము. ఆషాఢం దాకా ఆగితే ఎండలూ వానలూ రెండూ మీద పడతాయి. వీటన్నిటి మధ్య మాఘమాసం మిగిలింది. వానలు ఉండవు, ఎండ ముదరదు. మౌఢ్యం లేని రోజు చూసి చెప్పమని పురోహితుడిగారిని అడిగాము.

ఎండ గురించి ఇంతగా ఆలోచించడానికి కారణం నా వీణ. 1980లలో ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో డిప్లొమా చదివేటప్పుడు మా నాన్నగారు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో చేయించి ఇచ్చారు. కుండ, దండి, తల అన్నీ ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ అది. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆ గోడల మధ్య నేర్చుకున్న వీణ అనే గౌరవం నాకు ఈనాటికీ ఉంది. వీణకు 24 మెట్లు ఉంటాయి. అవి మేకులతో కొట్టినవి కావు, నల్లటి మైనంలో కూర్చినవి. మైనం ఎండకు మెత్తబడుతుంది. 1999లో పాలకొండ నుంచి వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం వ్యానులో, బీరువాకూ మంచానికీ మధ్య, దుప్పటి చుట్టి దాన్ని నిలబెట్టాము. విజయనగరంలో దించి దుప్పటి విప్పితే మైనం కారి, మెట్లు ఒకదాని మీదికి ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. తీగ మీటితే ఏ స్వరమూ దాని చోట పలకలేదు. ఆ రోజు నేను వంట కూడా చేయలేకపోయాను. గొల్లపల్లి నుంచి మనిషి వచ్చి, పాత మైనమంతా గీకి, కొత్త మైనం వేసి, ఒక్కొక్క మెట్టునూ చెవితో సరిచూసి మళ్లీ మేళం కట్టేదాకా నెలన్నర పట్టింది.

కాబట్టి ఈసారి వీణ లారీ ఎక్కదు. అబ్బాయి కారు తీసుకుని వస్తానన్నాడు. వెనక సీటులో వీణ, దాని పక్కన నేను. తీగలు కొంచెం వదులు చేసి, తీగలు ఆనే గుర్రం జరగకుండా మెత్తని గుడ్డ కట్టి, సొరకాయ బుర్ర విప్పి వేరే పెట్టెలో పెట్టాలి. తీగలు బిగించే బిరడాలకు ఒత్తిడి తగలకుండా తల వైపు దిండు పెట్టాలి. దారిలో రాజమహేంద్రవరంలోనో విజయవాడలోనో భోజనానికి దిగినప్పుడు అద్దాలు బిగించిన కారును ఎండలో వదలకూడదని అబ్బాయికి ఇప్పటికే రెండుసార్లు చెప్పాను. ఒకరు తిని వచ్చేదాకా ఒకరు నీడలో కారు దగ్గరే ఉంటారు.

లారీ విషయానికి వస్తే, ఫోనులోనే ధర చెప్పే వారిని మేము మొదటే పక్కన పెట్టాము. మా తమ్ముడు మూడేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు ఒక రవాణా సంస్థ ఫోనులో ఒక ధర చెప్పి, సామానంతా బండిలోకి ఎక్కించాక, అనుకున్నదానికన్నా సామాను ఎక్కువైందని మరో 14,000 రూపాయలు అడిగింది. సగం ఇల్లు లారీలో ఉన్నప్పుడు ఎవరైనా ఏం బేరమాడగలరు? అందువల్ల ఇంటికి వచ్చి, అటకతో సహా చూసి, కాగితం మీద రాసి ఇచ్చేవారితోనే మాట్లాడుతున్నాము. ఆ కాగితంలో కట్టడం, ఎక్కించడం, దించడం, పన్ను, బీమా వేరువేరుగా ఉండాలి. మా మేడ మెట్లు ఇరుకు, అక్కడ అబ్బాయి చూసిన ఇల్లు నాలుగో అంతస్తు. రెండు చోట్లా కళాసీలకు ఎంతో ముందే తేలాలి. లిఫ్టులో సామాను వేయనిస్తారో లేదో అక్కడి అపార్టుమెంటు సంఘాన్ని అడగమని అబ్బాయికి చెప్పాము. హైదరాబాదులో పెద్ద లారీలను పగటిపూట రానివ్వని రోడ్లున్నాయి కనుక బండి ఏ వేళకు చేరుతుందో కూడా రాయించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా అడగవలసినది, ఇక్కడ ఎక్కించిన బండే అక్కడి గుమ్మం దాకా వస్తుందా అని. నలుగురి సామాను కలిపి తీసుకువెళ్లే బండి చవకే, కాని దారిలో గోదాములో దించి మళ్లీ ఎక్కిస్తారు, రోజులు పడతాయి, ప్రతి దింపుడుకూ ఏదో ఒకటి సొట్టపోతుంది. మేము 14 అడుగుల బండి విడిగా మాట్లాడుకోవాలనుకున్నాము. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం, అవసరం లేదు, కాని సామాను జాబితా, రవాణా రసీదు ఒక్కొక్క ప్రతి మన దగ్గర ఉండాలి. విలువైన వస్తువులకు ముందే ఫొటోలు తీసి, విలువ రాసి, బీమా పత్రం చేతికి వచ్చాకే బండిని కదలనివ్వాలని అనుకుంటున్నాము.

కాగితాల పనిలో నన్ను తొందరపెట్టినది గ్యాసు. వేరే ఊరికి వెళ్లేటప్పుడు సిలిండరూ రెగ్యులేటరూ ఇక్కడి ఏజెన్సీకి అప్పగించి, టెర్మినేషన్ వోచర్ తీసుకుని, దాన్ని అక్కడి ఏజెన్సీలో చూపాలి. కనెక్షన్ తీసుకున్ననాడు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ మీద ఉన్న డిపాజిట్టే తిరిగి ఇస్తారు, అక్కడ మాత్రం ఇప్పటి డిపాజిట్, 14.2 కిలోల సిలిండరుకు 2,200 రూపాయలు, కట్టాలి. ఆ 1999 నాటి వోచర్ కోసం రెండు రోజులు వెతికితే, పెళ్లి ఆల్బమ్ అట్టలో దొరికింది. మీరూ ఇల్లు మారే ఆలోచనలో ఉంటే మొదట ఆ కాగితం ఎక్కడుందో చూసుకోండి.

స్కూటరును తీసుకువెళ్లడం లేదు. తీసుకువెళ్లాలంటే ఇక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, 12 నెలలు దాటి అక్కడే ఉంచితే తెలంగాణలో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి పన్ను కట్టాలి. పన్నెండేళ్ల పాత బండికి ఇంత శ్రమ అనవసరం. మా ఇంట్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న మనిషి కొడుకు దాన్ని కొనుక్కుంటానన్నాడు. 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి, అతని పేరు మీదికి మారేదాకా మేము ఊళ్లోనే ఉంటాము. బ్యాంకు ఖాతాను నంబరు మారకుండానే అక్కడి శాఖకు మార్చుకోవచ్చు, లాకరును మాత్రం మూసివేయక తప్పదు. పింఛను కోసం ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఆధారుతో ఎక్కడి నుంచైనా ఇవ్వవచ్చు కనుక ఆ చింత లేదు. ఓటుకు అక్కడ చిరునామా కుదిరాక ఫారం 8 నింపాలి.

ఇక అటక. దాని గురించి రాయాలంటే చేయి ఆగుతోంది. మా అత్తగారు బుడితి నుంచి తెప్పించుకున్న ఇత్తడి గంగాళం, రెండు గుండిగలు, ఆమె పెళ్లినాటి కంచు చెంబు, ఆవకాయ జాడీలు అయిదు, అబ్బాయి ఉయ్యాల గొలుసులు, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. హైదరాబాదు ఇంట్లో అటకే లేదు. ఇత్తడి సామానును తూకానికి వేసి అమ్మేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నాకు అది నచ్చలేదు. గంగాళం అడుగున మాట్లు వేసిన చోట ఇప్పటికీ వేలు పెడితే ఎత్తుగా తగులుతుంది. మాట్లు వేసే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు అత్తగారు పక్కనే పీట వేసుకుని కూర్చుని, పని ముగిసేదాకా లేవలేదు. అటువంటి పాత్ర మళ్లీ ఎవరి పెళ్లిలోనో వేడినీళ్లు కాయడానికి పనికిరావాలి గాని, కరిగిపోకూడదు. ఒక్కొక్క వస్తువు ఎదుట ఒక్కొక్క పేరు రాసుకున్నాను. గంగాళం పాలకొండలో ఉన్న మా మరిదిగారింటికి. గుండిగలు ఆడపడుచుకు. జాడీల్లో రెండు మాతో వస్తాయి, మిగిలిన మూడు కింది వాటాలోని ఇంటివారి మామ్మగారికి. ఆవిడ చేతి బెల్లం ఆవకాయ తిన్నవాళ్లం కనుక జాడీలు ఎక్కడికి చేరాలో మాకు తెలుసు. పేర్లు రాయడం ఒక పూట పని. ఆ మనుషులకు వీలయ్యే రోజు కుదర్చడానికి నెలలు కావాలి.

పుస్తకాలు ఏడు వందల దాకా ఉన్నాయి. పెద్ద అట్టపెట్టెల్లో పెడితే అడుగు జారిపోతుంది, ఎత్తేవారి నడుమూ పోతుంది. అందుకే బజారులో కిరాణా కొట్టు నుంచి సబ్బుల పెట్టెలు, అంటే చిన్నవే, తెస్తున్నాము. పాఠ్యపుస్తకాలూ వ్యాకరణాలూ నేను పనిచేసిన బడికి ఇస్తాను. మంచి స్థితిలో ఉన్న పత్రికల సంపుటాల గురించి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగాలి. హుద్‌హుద్‌లో తడిసి ఉబ్బిన పుస్తకాలను ఎవరూ తీసుకోరు, వాటిని నేనే తీసుకువెళతాను.

పెట్టెల మీద వస్తువుల పేర్లు రాయడం లేదు, అంకెలే వేస్తున్నాము. ఏ అంకెలో ఏముందో నోటుపుస్తకంలో ఉంటుంది. ఒకటో పెట్టె మాత్రం మాతో కారులోనే వస్తుంది. అందులో దేవుడి పటం, పసుపు కుంకుమలు, పాలు పొంగించే ఇత్తడి గిన్నె, కిలో బియ్యం, పప్పు, ఉప్పు, కాఫీ ఫిల్టరు, మందులు, రెండు దుప్పట్లు, ఒక స్క్రూడ్రైవరు ఉంటాయి. లారీ ఒక రోజు ఆలస్యమైనా ఆ పెట్టెతో పొద్దు గడుస్తుంది. పాత చీపురు తీసుకురావద్దని మామ్మగారు గుర్తుచేశారు. కరివేపాకు చెట్టు కుండీలోది కాదు, పెరట్లోనిది. దాని పక్కన లేచిన పిలకను తవ్వి కుండీలో పెట్టాను. నాటుకుని చిగురు వేస్తేనే తీసుకువెళతాను.

నిన్న మా పనిమనిషి గిన్నెలు తోముతూ, "ఎల్లిపోతన్నారట గదమ్మా, నాకు సెప్పనేదు" అంది. ఆమెకు చెప్పడం నా నోటుపుస్తకంలో మూడో పేజీలో, స్కూటరు కాగితాల కింద ఉంది. ఆ పని మొదటి పేజీలో ఉండవలసింది. కూర్చోబెట్టి తేదీతో సహా అంతా చెప్పాను. మాఘం లోగా ఈ వీధిలోనే మరో రెండు ఇళ్లు ఆమెకు చూసిపెట్టే పని నాది.

వచ్చే ఆదివారం మా మరిదిగారు పాలకొండ నుంచి ఆటో ట్రాలీ తీసుకుని వస్తానన్నారు. ఆయన వచ్చేలోగా గంగాళం దింపి, చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టాలి.