నాన్న రైఫిల్‌లోని రాగి

2024 జూన్‌లో ఎన్నికల నియమావళి ముగిశాక, డిపాజిట్ చేసిన రైఫిల్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలను అప్పగించడం మా ఇంట్లో నాన్న కాలం నుంచీ ఉన్నదే. తెచ్చిన రోజు సాయంత్రం వరండాలో కూర్చుని, తూటా లేదని రెండుసార్లు చూసుకుని, గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్టును ఊడదీసి, వెనకవైపు తెల్ల కాగితం పెట్టి మూతి నుంచి లోపలికి చూశాను. మూతి అంచున, మెలికలు తిరిగిన గాళ్ల మధ్య గట్ల మీద, సన్నటి ఎర్రటి చారలు కనిపించాయి. పూజగదిలోని రాగి చెంబు రంగే అది.

ఆ చారలు అంతకు ముందూ ఉండి ఉంటాయి. నేను ఎప్పుడూ వెలుతురును అడ్డంగా పెట్టి చూడలేదు. నిటారుగా చూస్తే గొట్టం అద్దంలా మెరుస్తుంది, నూనె మెరుపు కళ్లను మోసం చేస్తుంది. టార్చిని పక్కకు వంచి మూతి అంచు మీద వేస్తేనే రాగి బయటపడుతుంది.

ఇది ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన .315 (అంగుళాల్లో గొట్టం కొలత). బంగారుపాళ్యం దగ్గర మా మామిడి తోటకు పంట రక్షణ కోసమని నాన్న 1966లో కొన్నారు. అచ్చం సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లాగే ఉంటుంది. కానీ .303 సైనిక తూటా కాబట్టి పౌరులకు ఇవ్వరు. అందుకే అదే బోల్టుకు వేరే తూటా కొలత పెట్టి పౌరుల కోసం చేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చే దాకా నాన్న దానితో అడవిపందుల వేటకు వెళ్లేవారు. చట్టం వచ్చాక వేట మానేశారు. ఊళ్లో మాత్రం ఇప్పటికీ దాన్ని వేట తుపాకి అనే అంటారు.

నాన్న దాన్ని ఎంత శ్రద్ధగా చూసుకునేవారో నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. నెలకోసారి పాత పంచె చించి, పేలికకు నూనె పట్టించి, గొట్టంలో లాగేవారు. యాభై ఏళ్లు ఆ పని ఒక్క నెల కూడా మానలేదు. కానీ నూనె రాగిని తీయదు. దాని మీద పరుచుకుని గాలి తగలకుండా కాపాడుతుంది, అంతే. అంటే నాన్న అన్నేళ్ల పాటు ఉక్కునూ కాపాడారు, దాని మీది రాగినీ కాపాడారు. ఆయనకు ఈ సంగతి చెప్పిన వాళ్లు ఎవరూ లేరు.

రాగి అసలు ఎలా వస్తుందో చెప్పాలి. తూటా ముందు ఉండే గుండు లోపల సీసం, పైన రాగి తొడుగు. ఆ తొడుగులో సాధారణంగా నూటికి 95 పాళ్లు రాగి, 5 పాళ్లు జింకు. గుండు గాళ్లను ఒరుసుకుంటూ పోయేటప్పుడు ఆ మెత్తని లోహం కొద్దికొద్దిగా ఉక్కుకు అంటుకుంటుంది. గొట్టం నున్నగా ఉంటే తక్కువ, గరుకుగా ఉంటే ఎక్కువ. మా గొట్టం గరుకుగా మారడానికి నాకు తోచే కారణం పాత తూటాల ప్రైమరు, అంటే తూటా అడుగున ఉండి మందును అంటించేది. ఆ రోజుల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మిగులుతుంది. ఉప్పు గాలిలో తేమను పీలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా జిల్లాలో కురిసే ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆ ఉప్పు ఉక్కును కొరికి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. పాత సైనికులు కాల్పులయ్యాక గొట్టంలో మరిగిన నీళ్లు పోసేది ఈ ఉప్పు కరగడానికే. నూనె దాన్ని కరిగించదు. గుంటల అంచులు రంపపు పళ్లలా రాగిని గీరుకుంటాయి. ఒకసారి రాగి పట్టాక దాని మీద మందు మసి, మసి మీద మళ్లీ రాగి, అలా ఉల్లిపొరల్లా పేరుకుంటుంది.

గురి చెదిరిన మాట నిజమే. చెన్నైలో మా మేనల్లుడు సభ్యుడుగా ఉన్న రేంజిలో యాభై మీటర్ల దూరం నుంచి కాలిస్తే అయిదు గుళ్లు జానెడు వెడల్పున పడ్డాయి. ఆ తుపాకిని ఒక దుకాణంలో చూపిస్తే, గొట్టం అరిగిపోయింది, ఇక గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుందని చెప్పారు. లోపలికి టార్చి వేసి కూడా చూడలేదు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఆ బాధే ఈ పనికి పూనుకునేలా చేసింది.

ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాను. ఏటా పిల్లల ముందు నీలి తుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో అమోనియా పోసి, లేత నీలం ముదురు నీలంగా మారడం చూపించేవాడిని. గొట్టంలో రాగిని తీసే ద్రావకం చేసే పనీ అదే. తేడా ఒక్కటే. అక్కడ రాగి ముందే కరిగి ఉంటుంది, ఇక్కడ గట్టి లోహంగా ఉంటుంది. గట్టి రాగిని అమోనియా ఒక్కటే కరిగించలేదు, ఆక్సిజన్ సాయం కావాలి. గాలి రాగిని ఆక్సీకరణం చేస్తే, అలా విడిపోయిన రాగి అయాన్లను అమోనియా చుట్టుముట్టి నీళ్లలోకి లాక్కుపోతుంది. అందుకే గొట్టం నిండా ద్రావకం పోసి బిరడా పెట్టడం నాకు నచ్చదు. పల్చగా తడిపి గాలి ఆడనిస్తే పని బాగా జరుగుతుంది. వందేళ్ల కిందట అమెరికా సైన్యం నికెల్ కలిసిన గుళ్ల తొడుగు మడ్డిని తీయడానికి గొట్టం నింపే పద్ధతినే వాడింది. కానీ ఆ అమోనియాలో పర్‌సల్ఫేట్ కలిపేవారు. గాలి అందని చోట ఆక్సిజన్ చేయాల్సిన పనిని చేసేది ఆ పర్‌సల్ఫేటే.

మా మేనత్తకు ఎనభై ఆరేళ్లు. నేను వరండాలో గొట్టం తుడిచే కడ్డీ పట్టుకుని కూర్చుంటే వచ్చి చూసింది.

“రాగే కదరా. చింతపండు పెట్టి తోమితే పోదా?” అంది.

“చింతపండుకు పోయేది చెంబు మీది చిలుము అత్తా, చెంబు కాదు. ఇక్కడ నాకు చెంబే పోవాలి,” అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి, “అయితే పులుపు ఇనుముకు కీడు చేస్తుంది కూడా,” అని తనే చెప్పింది. ఇనుప బాండలిలో చింతపులుసు కాచి ఎరిగిన మనిషి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది కానీ లోహపు రాగిని ముట్టుకోదు. ఉక్కును మాత్రం తింటుంది. ఈ గొట్టానికి అంతకన్నా చెడ్డ మందు లేదు.

మేనల్లుడు అమోనియా ఉన్న ద్రావకం ఒక సీసా, మసి తీసే మామూలు ద్రావకం ఒక సీసా, కంచు బ్రష్షు తెచ్చి ఇచ్చాడు. మొదటి నాలుగు రోజులు వాటితో చేశాను. ముందు మసి ద్రావకంతో తుడవడం, తర్వాత అమోనియా ద్రావకంతో బ్రష్షు పదిసార్లు ఆడించడం, సీసా మీద రాసినంత సేపు ఆగడం, పేలికతో తుడవడం. ప్రతి పేలికా నీలంగా వచ్చింది. మొదటి రోజు ఆ నీలం చూసి సంతోషించాను. నాలుగో రోజు కూడా అదే నీలం, అంతే ముదురుగా. ఒక గొట్టంలో ఇంత రాగి ఎలా పడుతుందని రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున తట్టింది. బ్రష్షు కంచు. కంచులో ఉన్నది రాగి. లేచి ఒక పింగాణీ సాసరులో ద్రావకం పోసి, కొత్త పేలికతో శుభ్రంగా తుడిచిన బ్రష్షును అందులో పెట్టాను. కాఫీ తాగి వచ్చేసరికి సాసరు నీలమైంది. పేలికను పట్టే కడ్డీ కొన ఇత్తడిది, దాన్నీ పెట్టి చూశాను, అదీ నీలమే. నాలుగు రోజులుగా నేను కరిగించినది చాలావరకు నా పనిముట్లనే. ఏ పరీక్షకైనా ముందు ఖాళీ పరీక్ష చేసి చూడాలని, అంటే పదార్థం లేకుండా ద్రావకమూ పనిముట్లూ మాత్రమే పెట్టి చూడాలని, ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు చెప్పాను. ఈ పనిలో నేను అది చేయలేదు.

అప్పటి నుంచి నైలాన్ బ్రష్షు, ప్లాస్టిక్ కొన. కంచు బ్రష్షును మసి తీయడానికి మాత్రమే ఉంచాను, అదీ అమోనియా తగలక ముందే. ఈ మార్పు చేసిన రోజే నీలం సగానికి తగ్గింది. అప్పుడు కనిపించినదే అసలు నీలం.

ఇక్కడి నుంచి పని నెమ్మదిగా సాగింది, కానీ నమ్మకంగా సాగింది. రోజు తర్వాత రోజు నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆరో రోజు నీలం దాదాపు ఆగిపోయింది. అయిపోయిందనుకున్నాను. మసి ద్రావకం పట్టించి రాత్రంతా వదిలేస్తే పొద్దున పేలిక బొగ్గులా నల్లగా వచ్చింది. ఆ తర్వాత అమోనియా వేస్తే మళ్లీ ముదురు నీలం. పొర కింద పొర. ఏడో రోజు, తొమ్మిదో రోజు మళ్లీ ఇదే వరస. నీలం ఆగినప్పుడు అది రాగి అయిపోయిందనైనా కావచ్చు, మసి అడ్డం పడిందనైనా కావచ్చు. మసి ద్రావకం పట్టించి, పేలిక నల్లగా వస్తుందేమో చూస్తేనే తెలుస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేదా ఇక్కడే ఓపిక నశించి గరుకు పొడి రాసి గీకడం మొదలుపెడతారు. గీకడం నేను ఒప్పుకోను. నున్నబరిచే పేస్టులు ఉన్నాయి, మంచి చేతుల్లో అవి పనికొస్తాయి కూడా. కానీ పేస్టుకు రాగి అని, ఉక్కు అని తేడా తెలియదు. ద్రావకానికి తెలుసు.

కడ్డీని ఎప్పుడూ వెనక నుంచే తోశాను. మూతి నుంచి తోస్తే కడ్డీ ఒక పక్కకు రాసుకుని మూతి అంచును అరగదీస్తుంది. గుండు చివరిసారిగా తాకేది ఆ అంచునే, అక్కడ వంకర వస్తే గురి పోతుంది. నాన్న దారంతో పేలిక లాగినప్పుడు కూడా దారం మూతికి ఒక వైపే ఒరుసుకునేది. ఆ వైపు అంచు కొంచెం మొద్దుబారి ఉంది. మూతిని కొద్దిగా కిందికి వంచి పెట్టుకున్నాను, ద్రావకం వెనక్కి కారి కర్రకు తగలకుండా. కర్ర మీద నాన్న పట్టించిన అవిసె నూనె మెరుపు ఉంది, అమోనియా తగిలితే అది పోతుంది. ప్రతి రాత్రీ పని ముగిశాక ద్రావకం మొత్తం తుడిచి, పొడి పేలిక నాలుగుసార్లు లాగి, నూనె పూసి పడుకునేవాడిని. ద్రావకంలో నీళ్లుంటాయి, వదిలేస్తే తుప్పు పడుతుంది.

కిటికీలు తెరిచి చేయాలి. చేతికి తొడుగులు ఉండాలి. అమోనియా ఉన్న చోటికి బ్లీచింగు ద్రావకం రానే కూడదు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు. తూటాల పెట్టె ఉన్న బీరువాలో అమోనియా సీసా పెట్టవద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి డొల్లలు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తేమ, డొల్లను సాగదీసి చేసినప్పుడు లోపల మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. దాని కారణాన్ని 1921లో ముగ్గురు ఇంగ్లీషు లోహశాస్త్రజ్ఞులు విడమరిచి రాశారు. ఇది చదివిన రోజే మా ఇంట్లో సీసా మేడ మీది గదిలోకి, తూటాలు కింది బీరువాలోకి మారాయి.

పదకొండో రోజు సాయంత్రం అమోనియా పేలిక తెల్లగా వచ్చింది. నమ్మకం కోసం రాత్రి మసి ద్రావకం పట్టించి పొద్దున చూశాను, లేత బూడిద రంగు. మళ్లీ అమోనియా, మళ్లీ తెలుపు. టార్చి పక్కకు వంచి మూతి చూశాను. గట్లు ఉక్కు రంగులో, అంచులు పదునుగా ఉన్నాయి. అరిగిన గొట్టం కాదు అది. వెనక భాగంలో, తూటా కూర్చునే గది దాటాక, ఇన్నాళ్లూ రాగి కింద దాగిన గుంటలు ఆవగింజల్లా కనిపించాయి. వాటిని చూసి దిగులు పడలేదు. ఉన్నదేదో ఉన్నట్టు చూడగలిగాను.

జూలైలో లైసెన్సు పుస్తకంతో మళ్లీ చెన్నై వెళ్లాను. కాల్చే ముందు గొట్టంలోని నూనెను పొడి పేలికతో పూర్తిగా తుడిచేశాను. మొదటి రెండు గుళ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. ఒట్టి ఉక్కు మీద మొదటి గుళ్లు అలాగే పోతాయని మేనల్లుడు ముందే చెప్పాడు. తర్వాతి అయిదూ నాలుగు వేళ్ల వెడల్పులో పడ్డాయి. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

“మామయ్యా, ఇప్పుడు రాగి అసలు పట్టదా?” అని వాడు తిరుగు ప్రయాణంలో అడిగాడు.

పడుతుంది. గుంటలు ఎక్కడికీ పోలేదు. అందుకే రాణిపేట దాటి ఇల్లు చేరాక, ఆ రాత్రే వరండాలో లైటు వేసి కూర్చున్నాను. ముందు నల్లటి పేలికలు రెండు. తర్వాత నైలాన్ బ్రష్షు, పది నిమిషాలు, పేలిక. ముదురు నీలం. ఇంకొకటి, లేత నీలం. మూడోది తెలుపు.