అమ్మ సంగతి అడగడానికి నేనెవరినో నిరూపించుకోవలసి వచ్చింది

హైదరాబాదు శివార్లలోని ఒక వృద్ధుల నివాస సముదాయంలో ఉంటున్న మా అమ్మతో, డాలస్ నుంచి రోజూ వీడియో కాల్‌లో మాట్లాడే ఏర్పాటు ఎట్టకేలకు ఈ వారం కుదిరింది. ఫోను కొనడం, గదికి వైఫై పెట్టించడం సులువుగానే జరిగాయి. ఆమెకు ఉదయం ఏడు గంటలయ్యేసరికి నాకు ముందురోజు రాత్రి వేసవిలో ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. ఇక్కడ మార్చి, నవంబరు నెలల్లో గడియారాలు మార్చినప్పుడు ఆ గంట తేడాను నేనే సర్దుకుంటాను. వయసుతో వచ్చే వినికిడి లోపంలో కీచుగా ఉండే సన్నని ధ్వనులు ముందు పోతాయి కనుక, గొంతు పెంచడం కన్నా ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని నిదానంగా మాట్లాడటం మేలు.

నన్ను ఏడిపించింది అక్కడి ఆఫీసు. అమ్మకు జ్వరమని తెలిసి కంగారుగా ఫోను చేస్తే, "ఫారంలో లోకల్ గార్డియన్‌గా మీ తమ్ముడుగారి పేరే ఉందమ్మా, మీకు వివరాలు చెప్పకూడదు" అన్నారు మేనేజరు. తమ్ముడు ఆ వేళ విమానంలో ఉన్నాడు. నెలనెలా డబ్బు కడుతున్నది నేనేనని చెప్పినా వినకుండా, కూతురినని రుజువు చూపమన్నారు. నా అమెరికా పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లు ఉండవు, ఇంటిపేరేమో అత్తవారిది. దాన్ని చూసి, ఇది చాలదు, పవర్ ఆఫ్ అటార్నీ పంపండి అన్నారు. అదే భవనంలో పై అంతస్తులో, పూర్తి స్పృహతో ఉన్న అమ్మను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పిన మనిషి, ఎనభై దాటినంత మాత్రాన తన సంగతి ఎవరికి తెలియాలో తాను చెప్పలేకపోతుందా? వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం సంతానమంటే కొడుకులతో పాటు కూతుళ్లనూ చెబుతుంటే, ఈ ఫారంలో ఒక్క పేరుకే చోటు ఎందుకు ఉండాలి?

చివరికి అమ్మే కాగితం తీసుకుని, తన ఆరోగ్య విషయాలు కూతురికీ కొడుకుకీ సమానంగా తెలియజేయవలెనని స్వదస్తూరితో రాసి, సంతకం చేసి, పక్క గది ఆవిడ చేత సాక్షి సంతకం పెట్టించి మేనేజరు బల్ల మీద ఉంచింది. దాన్ని కాదనలేకపోయారు. మీ పెద్దవాళ్లను చేర్పించే రోజునే ఇలాంటి ఉత్తరం రాయించి, ఆఫీసుకూ నర్సుకూ చూడవచ్చే డాక్టరుకూ తలొక ప్రతి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. నోటిమాటగా ఇచ్చే హామీలను నమ్మకండి. ఇప్పుడు అమ్మ బీపీ, షుగర్ వివరాలను నర్సు నాకూ తమ్ముడికీ ఒకేసారి వాట్సాప్‌లో పంపుతోంది.