మా సర్వీస్‌నౌ అప్‌గ్రేడ్ గట్టెక్కిన విధం – నా అనుభవం

విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని ఒక అమెరికా క్లయింట్‌కి సర్వీస్‌నౌ (కంపెనీల్లో ఐటీ కంప్లయింట్లు, రిక్వెస్టులు టికెట్లుగా నడిపే సాఫ్ట్‌వేర్) అడ్మిన్‌గా చేస్తున్నా. ఈ సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి, ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్లు పెడతారు, టోక్యో, యూటా, వాంకూవర్, వాషింగ్టన్ డీసీ, జనాడు ఇలా (అన్నీ ఊళ్ల పేర్లే అంటారు గానీ యూటా రాష్ట్రం కదా అని అడక్కండి). 2024 సెప్టెంబర్లో జనాడు వచ్చేసరికి మా క్లయింట్ వాళ్లు ఇంకా వాంకూవర్ వెర్షన్లోనే ఉన్నారు, ఇంక కదలక తప్పలేదు, వాషింగ్టన్‌కి వెళ్దామని తేల్చారు.

కొత్త వెర్షన్ రాగానే ఎక్స్‌పర్ట్స్ అందరూ మాకు నచ్చిన ఫీచర్లు ఇవీ అని మొదలెడతారు, ఎక్కువ భాగం ఏఐ గురించే. మా మేనేజర్ గారు అవన్నీ ఒక ఎక్సెల్‌లో ఎక్కించి మనకి పనికొచ్చేవి చూడండి అన్నారు. నేను ముందు చూసింది లైసెన్సు. నౌ అసిస్ట్‌లో (సర్వీస్‌నౌ వాళ్ల ఏఐ) ఇన్సిడెంట్ సమరీ ఉంది, చాంతాడంత వర్క్ నోట్స్ (టికెట్ మీద పనిచేసేవాళ్లు రాసుకునేవి) ఉన్న టికెట్‌ని నాలుగు ముక్కల్లో చెప్పేస్తుంది, షిఫ్ట్ మారేటప్పుడు అప్పజెప్పడానికి భలే పనికొస్తుంది. కానీ దానికి ప్రో ప్లస్ అనే పై రకం లైసెన్సు కావాలి, మావాళ్ల దగ్గర ఉన్నది ప్రో. అక్కడితో ఆ వరస కొట్టేశా.

నాకు నచ్చింది మాత్రం ఎవరూ పెద్దగా ఊదరగొట్టని వర్క్‌ఫ్లో స్టూడియో. ఇదివరకు ఫ్లోలు (దానంతటదే నడిచే పనుల వరస) ఒక చోట, డెసిషన్ టేబుల్స్ (ఏ పరిస్థితికి ఏ జవాబో రాసే పట్టికలు) ఒక చోట, ప్లేబుక్స్ (ఒక పనిని అంచెలంచెలుగా చూపించేవి) ఇంకో చోట తెరుచుకుని బ్రౌజర్ నిండా ట్యాబులే. వాషింగ్టన్ నుంచి అన్నీ ఒకే గొడుగు కిందకి తెచ్చారు. లాప్‌టాప్ కావాలని రిక్వెస్ట్ పెడితే ఎవరు అప్రూవ్ చెయ్యాలి అనేది మా ఫ్లోలో ఇఫ్ మీద ఇఫ్ పెట్టుకుంటూ పోయారు ఎవరో, దాన్ని డెసిషన్ టేబుల్‌లోకి మార్చి ఫ్లో పక్కనే పెట్టుకుని చూసుకుంటుంటే ప్రాణం లేచొచ్చింది.

అసలు పని మాత్రం ఫీచర్లది కాదు, స్కిప్డ్ రికార్డులది. మనం ఏదైనా రికార్డుని మార్చామంటే సిస్టం దాన్ని కస్టమర్ అప్‌డేట్‌గా రాసిపెట్టుకుంటుంది, అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టేస్తుంది, అదే స్కిప్డ్ రికార్డు. కొత్త వెర్షన్ ఉంచుకుంటావా, నీదే ఉంచుకుంటావా, రెండూ కలుపుతావా అనేది మనమే తేల్చాలి. ఒక బిజినెస్ రూల్‌లో (రికార్డు సేవ్ అయినప్పుడు లాంటి సందర్భాల్లో నడిచే స్క్రిప్ట్) ఎప్పుడో ఎవరో ఒక కామెంట్ లైన్ తీసేశారు, అంతే, కోడ్‌లో ఇంకే మార్పూ లేదు, దాంతో ప్రతిసారీ అది లిస్టులో తేలుతోంది, ప్రతిసారీ ఎవరో మనదే ఉంచేయండి అని టిక్ పెట్టేస్తున్నారు! రెండూ పక్కపక్కన పెట్టి చూసి బేస్‌కి (సర్వీస్‌నౌ వాళ్లిచ్చిన అసలు కోడ్‌కి) రివర్ట్ చేసేశా. అలాంటివి బోలెడు దొరికాయి.

ఇంకోటి, డెవ్ (మార్పులు చేసి చూసుకునే కాపీ) మీదకి ప్రొడక్షన్‌ని (యూజర్లు నిజంగా వాడేది) క్లోన్ చేసే ముందు సగంలో ఉన్న అప్‌డేట్ సెట్లు (మనం చేసిన మార్పుల మూటలు) బయటకి తీసి దాచుకోండి, లేకపోతే గోవిందా. క్లోన్ అయ్యాక మెయిల్స్ ఆఫ్‌లో ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి, టెస్ట్ టికెట్లకి నిజం యూజర్లకి మెయిల్స్ వెళ్తే ఆ గోల వేరే. రెగ్యులర్ టెస్టింగ్ ఏటీఎఫ్‌కి (సర్వీస్‌నౌలోనే ఉన్న ఆటోమేటిక్ టెస్టింగ్ టూల్) అప్పగించాం, అది డెవ్, టెస్ట్‌లలోనే నడపాలి, ప్రొడక్షన్‌లో కాదు.

ప్రొడక్షన్ అప్‌గ్రేడ్‌కి క్లయింట్ ఇచ్చిన శనివారం సరిగ్గా మా ఊరి జాతర, పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు వచ్చింది. సోమవారం తొలేళ్లు (సిరిమాను ముందురోజు సంబరం), మంగళవారం సిరిమాను, ఇంటినిండా చుట్టాలు, మార్చమంటే వాళ్ల ఏడాది చివరి ఫ్రీజ్ (సిస్టంలో మార్పులు చెయ్యకూడని రోజులు) అడ్డొస్తుందన్నారు. సరే కానిద్దాం అని కూర్చున్నా. తెల్లారి మా అత్త లేచి చూసి "ఏట్రా, రాత్రంతా ఆ పెట్టె ముందే కూకున్నావా?" అంది, అప్పటికి అప్‌గ్రేడ్ అయిపోయి అప్రూవల్స్ చెక్ చేస్తున్నా.

పెద్ద ప్రాబ్లమ్స్ ఏమీ రాలేదు. స్కిప్డ్ లిస్టులో తక్కువ ప్రయారిటీవి ఇంకా కొన్ని మిగిలాయి, వీలున్నప్పుడల్లా చూస్తున్నా. ఇన్సిడెంట్ సమరీ మాత్రం మేనేజర్ గారు వదల్లేదు, వచ్చే బడ్జెట్‌లో ప్రో ప్లస్ అడుగుతానంటున్నారు, చూద్దాం.