నాలుగెకరాల పన్నెండు గుంటలు

మొన్న ఆదివారం తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, తహసీల్ ఆఫీసుల గురువారానికి స్లాట్ దొరికింది. బాపు కాయితాలు పట్టుకొనొచ్చి ఒక్క సంతకం పెట్టిపో" అని. బాపు పోయి పద్నాలుగు నెలలైంది. భూమి ఇంకా ఆయన పేరు మీదనే ఉంది. విరాసత్ చేసుకోవాలంటే, అంటే వారసుల పేరు మీదికి మార్చుకోవాలంటే, అందరూ ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. దేనికి ఒప్పుకోవాలో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. మా దిక్కు ఆడపిల్లలకు అది విడమరిచి చెప్పరు. పెండ్లప్పుడు పసుపు కుంకుమ కింద పెట్టింది పెట్టిన్రు కదా.

బాపు చివరి రెండేండ్లు హనుమకొండలో నా దగ్గరే ఉన్నాడు కాబట్టి ఆయన ఇనుప పెట్టె నా మంచం కిందనే ఉంది. పాత పహాణీ (భూమి, సాగు లెక్కల) నకళ్లు, బ్యాంకు నోటీసులు, గొర్రెల సొసైటీ రసీదులు. అన్నిటికన్నా అడుగున, నాలుగు మడతల్లో తాత 38-ఇ సర్టిఫికెట్.

మా జనగామ దిక్కు ఆ అంకె చెప్తే పెద్దమనుషులకు వెంటనే తెలుస్తుంది. నిజాం రాజ్యం పోయినంక 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. దొర భూమిని కౌలుకు దున్నుకుంటున్నోళ్లను రక్షిత కౌలుదార్లుగా రాసుకున్నరు. ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద వాళ్లనే యజమానులుగా గుర్తిస్తూ ఇచ్చినవి ఈ సర్టిఫికెట్లు. మా తాతకు 1975లో వచ్చింది. నాలుగెకరాల పన్నెండు గుంటలు. ఎకరమంటే నలభై గుంటలు. కింద తాత వేలిముద్ర.

ఆ వేలిముద్ర దగ్గరే ఆగిపోయిన. ఎందుకంటే మా ఇంట్లో సంతకం వచ్చింది తాతకు కాదు, నాయనమ్మకు.

మేము కురుమోళ్లం. గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, పండుగైనా పెండ్లైనా మందలోంచి గొర్రె తోలాలి, గొంగడి ఇయ్యాలి, పైసా అడగొద్దు. చాకలి బట్టలు, కుమ్మరి కుండలు, గౌండ్ల కల్లు, మాదిగల చెప్పులు, ఎవరి కులానికి తగ్గ వెట్టి వాళ్లకుండేది. నాయనమ్మ పన్నెండేండ్ల పిల్లప్పటి నుంచే గడీలో వడ్లు దంచింది. "దంచినంత సేపు పాట పాడుమనేది దొరసాని, నోట్లె బియ్యం పోసుకుంటమేమో అని" అనేది. పాట పాడే నోరు తినలేదు కదా. బడిలో పిల్లలకు చరిత్ర పాఠంలో వెట్టి గురించి చెప్పేటప్పుడల్లా నాకు ఈ ముక్కే గుర్తొస్తుంది. పెద్ద దొర విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలుండేవని బోర్డు మీద రాస్తే పిల్లలకు అది సున్నాల లెక్కే. ఈ ముక్క చెప్తే మాత్రం క్లాసు గప్‌చుప్.

1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య ఆ దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండ్లకు ఒరిగిండు. మా ఊరికి కడవెండి ఒక పూట నడక. అప్పటికి నాయనమ్మకు పదహారేండ్లు, పెండ్లై ఏడాది. తర్వాత మా ఊళ్లోనూ దొరల మీద కొట్లాడే ఆ సంఘం పెట్టిన్రు. ఒడిసెలలకు రాళ్లు, కారప్పొడి కొంగుల కట్టుకొని తిరిగిన ఆడోళ్లలో ఆమె ఒకతి. తుపాకులు పట్టిన దళాల చీటీలను చుట్టబట్టలో మడిచి, దాని మీద నీళ్ల కుండ పెట్టుకొని పోయేదట. "పోలీసోడు కుండల చెయ్యి పెట్టి చూస్తడు గని చుట్టబట్ట ఇప్పి చూడడు" అని నవ్వేది. సంఘం రాత్రిబడిలో ఇసుకలో వేలుతో పేరు రాయడం నేర్చుకుంది. తాత మాత్రం "మంద కాడ ఎవరుంటరు" అని బడికే పోలేదు.

ఆ రెండు మూడేండ్లు ఊళ్లో ఏదో తలకిందులైందనే అనుకోవాలి. సంఘం వాళ్లు భూమి పంచితే మా ఇంటికి మూడెకరాలు వచ్చింది. పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ లెక్క ప్రకారం తెలంగాణలో మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు అట్లా పంచిన్రు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం దిగింది, నిజాం లొంగిపోయిండు. పట్నం పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకొని తిరిగొచ్చిన్రు. ఆ యాసంగికే మా మూడెకరాలు పోయినయి. 1951 అక్టోబర్ 21న పార్టీ పోరాటం ఆపేసింది. మాకు మిగిలింది, సంఘం పంచినది కాదు, అంతకు ముందు నుంచి తాత కౌలుకు దున్నుతున్నదే. దాన్నే తర్వాత చట్టం మాకు రాసిచ్చింది. చట్టం ఊరికే రాలేదని, పొదల్లో పండుకున్న దళాల వాళ్ల భయంతోనే వచ్చిందని నా నమ్మకం. అయితే రాసేటప్పుడు మాత్రం "కౌలుదారు ఎవరు" అని అడిగింది, "పొదల్లో పండుకున్నదెవరు" అని కాదు.

పోరాటం ఆగినంక దళాల్లోని ఆడవాళ్లను చాలామందిని ఇండ్లకు పొమ్మన్నారని వాళ్లే తర్వాత ముసలితనంలో చెప్పుకున్నరు. నాయనమ్మనైతే ఎవరూ పొమ్మనలేదు, ఆమె ఇల్లు విడిచి పోనేలేదు కాబట్టి. అయినా తేడా ఏమీ కనపడదు నాకు. 2009లో పోయేదాకా ఆమె పేరు మీద ఉన్నది రేషన్ కార్డు, వృద్ధాప్య పింఛను పుస్తకం. పింఛను తీసుకునే నాడు మాత్రం ఇంకుప్యాడ్ పక్కకు జరిపి పెన్ను అడిగేది. వంకరటింకర అక్షరాలు, చాలా సేపు పట్టేది, వెనక లైన్లో ఉన్నోళ్లు గొణిగేవాళ్లు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది.

మా పొలం పదకొండేండ్లుగా మేము దున్నడం లేదు. తమ్ముడు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతడు. దళితవాడకు చెందిన ఒకాయన కౌలుకు చేస్తున్నడు. వాళ్ల తాత అదే దొర దగ్గర జీతగాడు, పెండ్లికి చేసిన అప్పు కింద బతుకంతా కట్టుబడ్డవాడు. 1950 చట్టానికి కౌల్దారు కనపడ్డడు గాని జీతగాడు కనపడలేదు. అతనికి కౌలు లేదు కాబట్టి కాగితమూ లేదు. 2018లో రైతుబంధు అనే సర్కారు పెట్టుబడి సాయం మొదలైనప్పుడు ఎకరానికి 4 వేల చొప్పున బాపుకు 17,200 రూపాయల చెక్కు వచ్చింది. పట్టాదారుకే ఇచ్చేటోళ్లు, కౌల్దారుకు రాకపోయేది. బాపు ఆ చెక్కు మార్చుకొని, ఆయనకు రెండు బస్తాల యూరియా కొనిచ్చి, ధర్మం చేసినంత నిమ్మళంగా ఇంటికొచ్చిండు. బాపు చెడ్డమనిషి కాదు. ఆ పైసలతో నా బిడ్డకు ఫోన్ కొనిచ్చిండు, నేను వద్దనలేదు.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కొట్లాడింది కూడా కౌలు భూమి కోసమే. దేశ్‌ముఖ్ మనుషులు ఆమె పంటను ఎత్తుకుపోవాలని వస్తే సంఘం వాళ్లు అడ్డం నిలబడి వడ్లు ఆమె ఇంటికి చేర్చిన్రు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టిన్రు, సంతోషమే. ఆమె ఆ రోజుల్లో ఉన్నట్టే రైతుబంధు ఇచ్చిననాడు కౌలుకు చేస్తూ ఉంటే మాత్రం ఆ జాబితాలో ఆమె పేరు ఉండేది కాదు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికీ వాటా అని మన రాష్ట్రంలో 1985 నుంచే చట్టం ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇది నేను పదో తరగతి పిల్లలకు చెప్తనే ఉంట. నా సంగతికొచ్చేసరికి నోరు రాలేదు. పైగా నాకు భూమి వస్తే మాత్రం దున్నేది నేనా? నేనూ కౌలుకే ఇస్త. రెండు రాత్రులు ఇదే ఆలోచించిన. మా ఆయన "పోనీలే, వాళ్లకేమన్న శానా ఉన్నదా" అన్నడు. నిజమే, శానా లేదు.

నిన్న రాత్రి తమ్ముడికి నేనే ఫోన్ చేసిన.

"తమ్మీ, నాలుగెకరాలు నువ్వు రాసుకో. పన్నెండు గుంటలు నా పేరు మీద రాయాలె. ఆ పన్నెండు గుంటలకు కౌలు తీస్కోను, ఆ మాట కౌల్దారుకు రాసిస్త."

చాలా సేపు ఏమీ మాట్లాడలేదు. వెనక మరదలు టీవీ సౌండ్ తగ్గించినట్టు వినిపించింది. పెట్టేస్తడేమో అనుకున్న.

"ఏ దిక్కు కావాలె అక్కా, చెరువు దిక్కా, బాట దిక్కా?" అన్నడు.